లోపలి కుట్టు

ముందు మిషను చప్పుడు వినిపించింది. మెట్ల మీదే ఆగిపోయాను.

మా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకు చప్పుడును బట్టే కుట్టు ఏదో తెలిసిపోతుంది. ప్యాంటు కాలు కుట్టేటప్పుడు అది రైలులా నిడివిగా సాగుతుంది. చంక మలుపు దగ్గర నెమ్మదించి, తడబడి, మళ్ళీ అందుకుంటుంది. జేబు మూలకు వచ్చేసరికి ముందుకూ వెనక్కూ నత్తిగా కొట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం నేను విన్నది వీటిలో ఏదీ కాదు. జానెడు దూరం పరుగెత్తి టక్కున ఆగిపోయింది. ఆ వెంటనే దారం తెంపిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

తలుపు తోసేసరికి అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. సూది కింద బట్ట లేదు. చేతులు రెండూ బల్ల మీద బుద్ధిగా పెట్టుకుని ఉంది. ఏం కుడుతున్నావని అడిగితే, బాబిన్ సరిగ్గా తిరగడం లేదు, చూస్తున్నానంది. చూడటానికి మిషను తిప్పాలి, నిజమే. దారం తెంపడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా అడగలేదు. ఆ సీజనులో మా ఇంట్లో ఒకరినొకరం అడగని ప్రశ్నలు గుట్టగా పోగుపడ్డాయి. దాని మీద ఇదొకటి పడింది.

సీజను అంటే మాకు యూనిఫారాల సీజను. బడులు మూసినప్పటినుంచి మళ్ళీ తెరిచేదాకా ఇల్లంతా నీలం బట్టే. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. ఆ రోజుల్లో రెండింటికీ మధ్య గీత చెరిగిపోతుంది. పళ్ళెంలో నీలం పోగు కనపడితే తీసి పక్కన పెట్టి తినేయడమే. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది, కాజాలూ గుండీలూ నావి. పిల్లల బట్టకు ఇవాళ్టి కొలత చాలదని, వచ్చే ఏటి కొలత కూడా లోపల దాచాలని నాన్న అంటాడు. వెనక కుట్టు దగ్గర రెండు వేళ్ళ వెడల్పున బట్ట వదలని దర్జీని ఆయన దర్జీగా లెక్కెయ్యడు. ఆ అలవాటు కొద్దీ తన ప్యాంట్లకూ అలాగే వదులుకునేవాడు, ఈ వయసులో తానూ ఇంకా ఎదుగుతాననే ధీమా ఉన్నట్టు.

ఆ ఏడు సీజను మొదట్లోనే నాన్నకు కడుపునొప్పి మొదలైంది. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేశారు. ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ కాగితాల మీదినుంచి తలెత్తకుండానే మాట్లాడింది. పెద్దపేగులో గడ్డ ఉందని, ఇంకా పక్కకు పాకలేదని, ఇప్పుడు తీస్తే తీసినట్టేనని చెప్పింది. ఆ జబ్బు పేరు ఒక్కసారే, వాక్యం మధ్యలో, గబుక్కున అనేసింది. ఆలస్యం చేస్తే తీయడానికి వీలుండదని మాత్రం రెండుసార్లు చెప్పింది. రెండోసారి తలెత్తి నావైపు చూసింది. అమ్మకూ నాన్నకూ వినపడలేదేమోనని ఆమెకు అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది.

ఇంటికి రాగానే నాన్న బల్ల మీద నీలం బట్ట పరిచి సుద్ద అందుకున్నాడు. ఒప్పుకున్న పని పూర్తి కానివ్వమన్నాడు. అమ్మ మిషనులో దారం ఎక్కించింది. ఆపరేషను కత్తి అంటేనే ఆవిడకు భయం. వాళ్ళ నాన్న ఆపరేషను గదిలోకి నవ్వుతూ వెళ్ళి తిరిగి రాలేదు. సరిగ్గా ఆ సందులో దూరాడు మా రేడియో మామయ్య.

అమ్మ తమ్ముడు. నోట్లో నువ్వుగింజ నానదు, నోరు కట్టెయ్యడానికి మీట లేదు, అందుకే ఆ పేరు. ఊళ్ళో ఒక డాక్టరున్నాడని, కత్తి ముట్టకుండా, కరెంటు పెట్టకుండా ఆ జబ్బు నయం చేస్తాడని, తనతో పనిచేసేవాడి అత్తగారు మంచం మీదినుంచి లేచి ఇప్పుడు కోడలితో పోట్లాడుతోందని ఊపిరాడకుండా చెప్పాడు.

“ఆయన మీద కేసుందట కదా మామయ్యా?” అన్నాను.

“పండ్లున్న చెట్టుకే కదే రాళ్ళు,” అన్నాడు.

కేసు ఉంది. పత్రికల్లో అటు సగం, ఇటు సగం రాసేవారు. ఆయన దొంగ డాక్టరేమీ కాదు. చదువుకున్నవాడే, ఒకప్పుడు పెద్దాసుపత్రిలో చేసినవాడే. ఒకరోజు కత్తి కింద పెట్టి బయటికొచ్చేశానని ఆయనే చెప్పుకునేవాడు. ఎందుకు పెట్టాడో, తనంతట తనే పెట్టాడో, ఎవరైనా పెట్టించారో ఎవరికీ తెలియదు.

రంగుల దుకాణం మీది అంతస్తులో ఉండేది ఆయన వైద్యశాల. మెట్లెక్కుతుంటే కింద రంగుల వాసన, పైన ఆకుల వాసన. మధ్య మెట్టు మీద రెండూ కలిసేవి. లోపల గోడలు శుభ్రంగా ఉండేవి. ఆయన గొంతు ఇంకా శుభ్రంగా ఉండేది. నాన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, నిద్ర పడుతోందా, కొట్లో నిలబడి పనిచేస్తారా కూర్చునా, చిన్నప్పుడు దేనికి భయపడేవారు అని అడిగాడు. డాక్టరమ్మ అడగనివన్నీ అడిగాడు. వింటూంటే నాకే ఆ కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చెప్పుకోవాలనిపించింది. అందుకే నాకు ఆయన మీద అనుమానం రెట్టింపైంది.

బయటికొచ్చాక నాన్న నవ్వాడు. “ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళను చూశాం. ఈయన ఆవలించకముందే లెక్కపెట్టేశాడే,” అన్నాడు. చాలా రోజుల తరవాత నవ్వాడు. అమ్మ ముఖం ఆ నవ్వు చూసి తేరుకుంది. ఇక ఆ డాక్టరును కాదనడం ఎవరి తరం?

నియమాలు చెప్పాడాయన. ఉప్పు లేని తిండి, పచ్చి రసాలు, పొద్దున్నే చేదు కషాయం. ఆ జబ్బు పేరు మాత్రం ఇంట్లోగాని, ఇక్కడగాని ఎవరూ పలకకూడదు.

“పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుందమ్మా. పిలవకండి,” అన్నాడు అమ్మతో.

ఇక త్రాసు ఎక్కకూడదు. త్రాసు బరువును తూచదట, భయాన్ని తూస్తుందట. మొదటిరోజు వేసుకొచ్చిన బట్టలతోనే ప్రతివారం రావాలి. మనిషి పాత బట్టలే అసలైన కొలత. ముఖం పీక్కుపోవచ్చు, అది విషం బయటికి పోతున్న గుర్తు. నడుం దగ్గర బట్ట వదులవకపోతే జబ్బు ఆగినట్టే. నాన్న ఆరోజు వేసుకున్నది బూడిదరంగు ప్యాంటు. స్వయంగా కత్తిరించుకుని, అమ్మ చేత కుట్టించుకున్నది. నాన్న బెల్టు పెట్టడు. ప్యాంటు నిలవడానికి తోలుముక్క కావలసి వస్తే దర్జీ ఉరేసుకోవచ్చంటాడు. డాక్టరు నడుంపట్టీలో రెండు వేళ్ళు దూర్చి చూసి, బాగుంది, దీన్నే వేసుకురండి అన్నాడు.

బట్ట గురించి నాన్నకు ఒకరు చెప్పడమా అనుకున్నాను. కాని నాన్న తలూపాడు. తనకు తెలిసిన భాషలో మాట్లాడిన వైద్యుడు దొరికాడని సంతోషించాడేమో.

ఆనాటినుంచి మా ఇంట్లో జబ్బుకు ‘అది’ అని పేరు. రేడియో మామయ్య ఒకసారి నోరు జారబోతే అమ్మ చూసిన చూపుకు నాలిక కరుచుకున్నాడు. నేను కషాయం సీసా మూత తీసి వాసన చూశాను. ఎవరూ చూడకుండా ఒక గుక్క తాగాను. చేదు తప్ప అందులో ఏమీ పట్టుబడలేదు.

వారాలు గడిచాయి. నీలం గుట్ట తగ్గుతూ వచ్చింది, దానితోపాటు నాన్న బుగ్గలూ తగ్గాయి. చొక్కా మెడ వదులైంది. కత్తెర పట్టుకుంటే మణికట్టు ఎముక పొడుచుకొచ్చేది. కాని వారం వారం ఆ బూడిదరంగు ప్యాంటు మాత్రం మొదటిరోజు ఎలా కూర్చుందో అలాగే కూర్చునేది. డాక్టరు రెండు వేళ్ళు దూర్చి, చూశారా అన్నట్టు నావైపే తిరిగేవాడు. నా అనుమానం ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది.

కళ్ళెదుట ఒకటి, నడుం దగ్గర ఒకటి. దేన్ని నమ్మాలి? తాడని తెలిసినా పామేమోనని, పామని తెలిసినా తాడేమోనని తిరిగేదాన్ని. డాక్టరు వేళ్ళు లావెక్కాయా అని కూడా ఆలోచించాను.

వైద్యశాలకు టోపీ మాస్టారని ఒకాయన వచ్చేవాడు. బడిలో లెక్కలు చెప్పి మానేసినవాడు. తలమీద టోపీ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఛలోక్తి. మా నాన్న పక్కనే కూర్చునేవాడు. ఒకసారి గొంతు తగ్గించి, “మీకేమండీ, ఇంట్లోనే సూదీ దారం. మేం బెల్టుకు చిల్లులు పొడుచుకోవాలి,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తరవాతి వారం ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. ఆ పై వారం కూడా. మాస్టారు రావడం లేదేమని నేను డాక్టరునే అడిగాను.

“ఆయనకు ఇక రావలసిన అవసరం లేదమ్మా,” అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

మెట్లు దిగుతూ అమ్మ చేతులు జోడించింది, చూశావా, నయమైపోయింది అంటూ. నాన్న మెట్ల గోడ పట్టుకుని దిగుతున్నాడు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని ఆయనకూ తోచిందో లేదో ఆయన వీపును బట్టి చెప్పలేకపోయాను.

ఇంట్లో ఇంకో విచిత్రం మొదలైంది. ఆ ప్యాంటును అమ్మ నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఉతకడం, ఇస్త్రీ, మడత అన్నీ తనే. అదీ పైపైన, ఇంట్లో ఎవరూ చెయ్యని పద్ధతిలో, తిరగెయ్యకుండా ఇస్త్రీ చేసేది. నాన్న సంగతి చూస్తే, వైద్యశాలకు వెళ్ళే రోజు లుంగీ మార్చి ప్యాంటు వేసుకోవడానికి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు. ఒక గది కాపురంలో గడియ ఎందుకు? ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారనుకున్నాను. అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే ముందు పీట అడుగుతుంది, తరవాత పక్క అడుగుతుంది. డాక్టరు దగ్గర మొదలైన నా అనుమానం అమ్మ పక్కలో చేరింది.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. చివరి మూటలు అప్పగించడానికి అమ్మ, మామయ్య పొద్దున్నే బడికి వెళ్ళారు. అది వైద్యశాలకు వెళ్ళవలసిన రోజు. ప్యాంటు ముట్టుకోకు, వచ్చి నేనే ఇస్త్రీ చేస్తానని అమ్మ గుమ్మంలోంచి వెనక్కి తిరిగి మరీ చెప్పింది. నాన్న స్నానానికి వెళ్ళాడు. నేను ఇస్త్రీపెట్టె వేడిచేశాను.

ముందు లోపల, తరవాత పైన. నాకు ఇస్త్రీ నేర్పినప్పుడు నాన్న చెప్పిన మొదటి మాట అది. లోపలి కుట్టు విడదీసి చదును చేస్తేగాని పైన మడత నిలవదు. ప్యాంటు తిరగేశాను.

వెనక, నాన్న బట్ట వదులుకున్న చోట, అసలు కుట్టు పక్కన ఇంకో కుట్టు ఉంది. దాని పక్కన మరొకటి. మిషను కుట్లు, జానెడు పొడవువి. చివర ముందుకూ వెనక్కూ కొట్టి ముగించిన తీరు అమ్మది. మెట్ల మీద నన్ను ఆపేసిన చప్పుడు ఏమిటో అప్పుడు తెలిసింది. అమ్మ మీద కోపం రావలసింది. కాని అంతలో నా వేలికి పక్క కుట్టు దగ్గర, నడుంపట్టీ మడత కింద, గట్టిగా ఏదో తగిలింది. మడత ఎత్తి చూశాను. చేతి కుట్టు. చీమలు బారు తీరినట్టు, చిన్నగా, ఒకే దూరంలో. రెండో పక్క కూడా అంతే. అంత సన్నగా ఆ ఇంట్లో కుట్టగలిగేది నాన్న ఒక్కడే.

ఇస్త్రీపెట్టెను నిలబెట్టి అలాగే చూస్తూ ఉండిపోయాను.

నాన్న అధైర్యపడకూడదని అమ్మ వెనక బట్టను లోపలికి పట్టి నడుం బిగించింది. అమ్మ అధైర్యపడకూడదని నాన్న పక్కలకు పట్టాడు. ఒకరు పట్టిన చోటు రెండోవాళ్ళు చూడలేదు; చూడటానికి ఇష్టపడలేదేమో కూడా. అమ్మకు తన కుట్లు తెలుసు. నాన్నకు తన కుట్లు తెలుసు. తమ అబద్ధం పోగా మిగిలిందంతా డాక్టరుగారి వైద్యమేనని ఇద్దరూ మనసారా నమ్మారు. ఇక డాక్టరుకు వేరే మోసం చెయ్యవలసిన పనేముంది?

బ్లేడు తీసుకుని కుట్లన్నీ విప్పాను. అమ్మవి చర్రున వచ్చేశాయి. నాన్నవి ఒక్కొక్కటీ తెంపవలసి వచ్చింది. పోగులు ఏరేసి, లోపల ఇస్త్రీ చేసి, పైన ఇస్త్రీ చేసి, మడత మీద మడత కుదిర్చి కుర్చీ మీద వేశాను. నాన్న వచ్చి తీసుకున్నాడు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

చాలాసేపు గడియ తియ్యలేదు. ఈలోగా అమ్మ, మామయ్య వచ్చారు. బడివాళ్ళు కాజాలు బాగున్నాయన్నారని మామయ్య గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది.

నాన్న ప్యాంటును ఎడమచేతి పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిడికిట్లో ఎంత బట్ట ఉందో, ఆ రోజుల్లో మేం కుట్టిన పిల్లల నిక్కరు ఒకటి అందులో వచ్చేది.

అమ్మ పని దొంగకు తేలు కుట్టినట్టయింది. నేను నోరు తెరవబోయాను. నాన్న నావైపు చూడలేదు. అమ్మనే చూస్తున్నాడు.

“ఎక్కడ వేశావు?” అన్నాడు.

“వెనక.” కొంచెం ఆగి అమ్మ అడిగింది, “మీరు?”

“పక్కలకి.”

“కొంచెమే వేశానండి. తరవాత వదులవలేదు కదా, ఇక తగ్గుముఖమే అనుకున్నాను.”

“నేనూ కొంచెమే వేశానే,” అన్నాడు నాన్న.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అమ్మ ఆ పిడికిలి వైపు చూసింది, బట్ట వైపు చూసింది.

“పక్కలకి వేస్తే జేబులు లాగవూ?” అంది.

“లాగకుండా వేశాను.”

అమ్మ మిగిలిపోయిన నీలం తాను మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. కొంగుతో కాదు, చేత్తో కాదు, ఆ తాను అంచుతోనే ముఖం ఒకసారి గట్టిగా తుడుచుకుని లేచింది. ఇంకో ప్యాంటు వేసుకోమంది. మిగిలినవన్నీ ఇంతకంటే వదులని నాన్న చెప్పాడు. మామయ్య తన బెల్టు విప్పి అందించబోయాడు. నాన్న దాన్ని చూసిన చూపుకు మళ్ళీ తనే పెట్టేసుకున్నాడు.

“నడవండి. డాక్టరుగారికి ఒక మాట చెప్పి అటునుంచి అటే వెళ్దాం,” అన్నాడు నాన్న.

ఎక్కడికని ఎవరూ అడగలేదు. చెప్పకుండా మానేయడం మర్యాద కాదని ఆయన పట్టుదల. పిడికిలి వదలకుండానే ఆ మెట్లెక్కాడు. డాక్టరు ఆ పిడికిలినీ, నన్నూ, అమ్మనూ చూసి, జరిగింది మొత్తం విన్నాడు. వినడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. విన్నాక చాలా నొచ్చుకున్నట్టు తల పంకించాడు. నమ్మకం లేనిచోట ప్రకృతి పనిచెయ్యదన్నాడు. కొలతను మీరే పాడుచేసి నన్ను మోసం చేశారన్నాడు. అందులో కొంత నిజముంది. అదే నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. కాని ఆయన ముఖంలో ఆశ్చర్యం కోసం వెతికాను, కనపడలేదు.

“ఇప్పుడు వెళ్ళి కత్తి పెట్టించుకుంటే మాత్రం దానికి నేను బాధ్యుణ్ణి కాను,” అన్నాడు.

“ఇప్పటిదాకా ఎవరండీ బాధ్యులు?” అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

డాక్టరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. నాన్న ఆయనకు ఒక నమస్కారం పెట్టాడు, ఒంటి చేత్తో. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మా నాన్న నడుం వైపు చూసి గబగబా చూపులు తిప్పుకున్నారు. ఒకావిడ తన పక్కనున్న భర్త చొక్కాను ప్యాంటులోంచి పైకి లాగి కిందికి వదిలింది.

పెద్దాసుపత్రిలో వరస పొడుగ్గా ఉంది. మామయ్య వరసలో నిలబడి కూడా మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు. ఆలస్యమైందో లేదో చెప్పవలసినవాళ్ళు లోపలెక్కడో ఉన్నారు. వాళ్ళదాకా వెళ్ళాలంటే ముందు ఈ అద్దం కిటికీ దాటాలి. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి, తల తిప్పకుండానే, ఏం సమస్యని అడిగింది.

అమ్మ ముందుకు వంగింది. “ఆయనకు కడుపులో కొంచెం...” అంది. అక్కడికి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మామయ్య నేల చూస్తున్నాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. కిటికీ వెనక అమ్మాయి ఈసారి తలెత్తి, కొంచెం గట్టిగా చెప్పమంది.

నాన్న అమ్మ భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా ఆమెను పక్కకు జరిపి, అద్దానికున్న చిల్లు దగ్గరికి నోరు తెచ్చాడు.

“క్యాన్సర్,” అన్నాడు.